మిట్టగుండాల పోర్టు

మిట్టగుండాల నుంచి సముద్రం దగ్గరికి ఏ దారిన పోయినా మూడు వందల కిలోమీటర్లకు తక్కువ కాదు. ఊళ్ళో కుళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. వచ్చిన రోజున వాన వచ్చినంత సందడిగా ఉంటుంది. అలాంటి ఊరికి పోర్టు వచ్చింది. దానికోసం ఎవరూ నిరాహారదీక్షలు చేయలేదు, రాస్తారోకోలు చేయలేదు. తులశమ్మ టీచరు ఒక దరఖాస్తు పెట్టుకుంది, అంతే.

తులశమ్మ ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరైంది. పాత జిన్నింగు మిల్లు వీధిలో ఆమెకు రెండు గదుల ఇల్లు ఉంది. ముందు వరండా, వరండా కింద నీళ్ళ సంపు. ఊళ్ళో సగం మంది ఆమె ఈల విని పరుగెత్తినవాళ్ళే కాబట్టి ఇప్పటికీ ఆమె వీధిలోకి వస్తే నిటారుగా నిలబడతారు.

వయసులో ఉన్నప్పుడు తులశమ్మ జిల్లా మహిళా కబడ్డీ జట్టుకు కెప్టెన్. నలభై రెండేళ్ళ కింద రాష్ట్ర ఫైనల్‌లో ఆ జట్టు గుంటూరులో ఆడి గుంటూరు జట్టు చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆ జట్టులో ఇంకా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు నలుగురు మిగిలారు. మిట్టగుండాలలో తులశమ్మ, కదిరిలో ఖాజాబీ, తాడిపత్రి దగ్గర పల్లెలో సుగుణావతి, నంద్యాలలో ఎలిజబెత్. పోయిన ఏడు ఎలిజబెత్ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఒకప్పుడు ఏడుగురి మధ్యనుంచి చేప జారినట్టు జారిపోయిన మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఫోన్ చేస్తే ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట్లాడడం మానేసింది.

ఆమెను మాట్లాడించడానికి ఖాజాబీ ఒక ఫోను ఆట వెతికి పట్టుకొచ్చింది. దాని పేరు గంటకోట. నలుగురు ఒక జట్టు, నలుగురు ఇంకొక జట్టు. ఎదుటివాళ్ళ కోటలోకి దూరి గంట ఎత్తుకొచ్చి తమ కోటలో కట్టుకోవాలి. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చొని ఆడొచ్చు, ఆడుతూ మాట్లాడుకోవచ్చు. కంపెనీ వాళ్ళ గదిలో ముక్కూ మొహం తెలియని నలుగురి మీద ఆడిన మొదటి ఆటలోనే ఎలిజబెత్ గంటతో సహా గోడ దూకి, “పట్టుకోండి చూస్తాం” అని అరిచింది. ఆరు నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది.

ఆ సంగతి ఎలా తెలిసిందో గాని గుంటూరు జట్టు పాత కెప్టెన్ రేపల్లె వరలక్ష్మి చెవిన పడింది. ఆమె తులశమ్మకు ఫోన్ చేసింది.

“ఏవమ్మా తులశమ్మా, గంటలాట ఆడుతున్నారంట. మావాళ్ళం కూడా నలుగురం ఉన్నాం. ఒక ఆట వేద్దామా?”

“వేద్దాం. ఎప్పుడంటావ్?”

“అప్పుడు మీరు మా ఊరొచ్చి ఓడిపోయారు కదా. ఈసారి మీ ఊళ్ళోనే పెట్టుకుందాం. గది నువ్వే తెరువు. ఓడిపోయాక పరాయి ఊరని సాకు చెప్పకూడదు.”

గది తెరవడం దగ్గరే చిక్కు వచ్చింది. ఆ ఆటలో తెలిసిన జట్టు మీద ఆడాలంటే ఎవరో ఒకరు తమ ఇంటి కనెక్షన్ మీద గది తెరిస్తే మిగతావాళ్ళు అందులోకి వస్తారు. తులశమ్మ తెరిచింది. ఖాజాబీ వచ్చింది గాని గొంతు రాలేదు. సుగుణావతి గొంతు వచ్చింది గాని మనిషి రాలేదు. ఎలిజబెత్ అసలు రాలేదు. తులశమ్మ ఏ ఆటకైనా ముందు నిబంధనల పుస్తకం చదివే మనిషి. ఈ ఆట సహాయం పేజీ కూడా మొదటి నుంచి చివరిదాకా చదివింది. విషయం తేలిగ్గానే ఉంది. ఇంట్లో గోడకున్న రూటరు బయటివాళ్ళను లోపలికి రానివ్వడం లేదు. దానికి వేల సంఖ్యలో చిన్న చిన్న తలుపులుంటాయి. వాటిని పోర్టులంటారు. ఈ ఆటకు ముప్పై వేల నూట ఇరవయ్యో నంబరు తలుపు తెరవాలి. రూటరు సెట్టింగుల్లోకి పోయి నాలుగు గళ్ళు నింపితే అయిపోతుంది.

కాని ఆ రూటరు సర్కారు వారి పథకం కింద వచ్చిన కేబుల్ కనెక్షన్‌ది. సెట్టింగుల్లోకి పోవాలంటే పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డు కేబుల్ ఆఫీసులో ఉంటుంది. తులశమ్మ తెల్లకాగితం మీద చక్కటి అక్షరాలతో రాసింది: ‘మా ఇంట్లో పోర్టు నెం. 30120 తెరవడానికి అనుమతి ఇవ్వగలరు.’

కేబుల్ ఆఫీసులో సహాయ ఇంజనీరు భార్గవ్ ఆ కాగితం చదివి, లేచి నిలబడ్డాడు. అతనూ ఆమె ఈల విన్నవాడే.

“మేడం, ఇది రెండు నిమిషాల పని.”

“అయితే చేసెయ్ నాయనా.”

“చేయకూడదు మేడం. పోయిన నెల సర్క్యులర్ వచ్చింది.” అతను ఫైలు తీసి చదివాడు. “‘గృహ వినియోగదారుల ఆవరణలలో ఏ విధమైన పోర్టునైనను తెరచుటకు ముందుగా, పోర్టులకు సంబంధించిన శాఖ నుండి నిరభ్యంతర పత్రము పొందవలెను.’”

“పోర్టులకు సంబంధించిన శాఖంటే మీదే గదా?”

“మాది కేబుల్ శాఖ మేడం. పోర్టుల శాఖ వేరే ఉంది. ఓడలు, రేవులు చూసేవాళ్ళు.”

తులశమ్మ అతని ముఖంలోకి చూసింది. నవ్వు కోసం వెతికింది. లేదు.

“ఇది ఆ పోర్టు కాదని నీకు తెలుసు గదా భార్గవా?”

“నాకు తెలుసు మేడం. రాసినాయనకు కూడా తెలిసే ఉంటాది. కాని ‘ఏ విధమైన’ అని రాసినారు. ఆ రెండు మాటలు దాటిపోయే అధికారం నాకు లేదు.”

అక్కడినుంచి ఆమె మున్సిపల్ ఆఫీసుకు పోయింది. పై శాఖలకు ఏ కాగితం పోవాలన్నా సూపరింటెండెంటు కమలాకరరావు గారి మీదుగా పోవాలి. ఆయన ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క కాగితానికి కూడా కాదని చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు పంపించేవాడు.

“పట్టణ పరిధిలో ఉంటే పట్టణాభివృద్ధి, తీర పరిధిలో ఉంటే తీరాభివృద్ధి,” అన్నాడాయన కళ్ళద్దాలు సర్దుకుంటూ. “తమరి ఇల్లు పరిధిలో ఉన్నది. తమరి పోర్టు పరిధిలో ఉన్నదా లేదా అనునది పై వారు నిర్ధారించవలసిన అంశము.”

“సార్, అది గోడకు తగిలించిన డబ్బా. నా అరచేయంత ఉంటాది.”

“పరిమాణము కూడా వారే నిర్ధారిస్తారమ్మా.”

నలభై రోజులకు పోర్టుల శాఖ నుంచి ప్రశ్నావళి వచ్చింది. తులశమ్మ నిజాయితీగా నింపింది. ప్రతిపాదిత స్థలంలో అలల సరాసరి ఎత్తు? లేదు. అడుగుభాగం ఇసుకా, బురదా, రాయా? కడప బండలు. గత పదేళ్ళలో తుఫానుల వల్ల జరిగిన నష్టం? లేదు. మునిగిపోయిన ఓడలు? లేవు. ఈ జవాబులు చూస్తే ఎవరైనా దరఖాస్తును చెత్తబుట్టలో వేస్తారని, అప్పుడు కేబుల్ ఆఫీసుకు పోయి వాళ్ళకు అభ్యంతరం లేదని చెప్పవచ్చని ఆమె ఉద్దేశం.

శాఖ వారు వేరే విధంగా అర్థం చేసుకున్నారు. అలలు లేవు, అడుగున రాయి ఉంది, పదేళ్ళలో ఒక్క ఓడ కూడా మునగలేదు. రాష్ట్రంలో ఇంత సురక్షితమైన రేవు స్థలం ఇంతవరకు తమ దృష్టికి రాలేదని, తనిఖీ అధికారిని పంపుతున్నామని రాశారు.

తనిఖీ అధికారి కెప్టెన్ గంగరాజు కాకినాడ వైపు మనిషి. తెల్ల దుస్తులు, భుజాల మీద బంగారు చారలు. రాత్రంతా బస్సులో వచ్చి ఉదయం పదింటికి జిన్నింగు మిల్లు వీధిలో దిగి, చుట్టూ చూసి, నిట్టూర్చి, లోతు కొలిచే కర్ర బయటికి తీశాడు.

“నీళ్ళెక్కడున్నాయండి?”

తులశమ్మ సంపు మూత తీసి చూపించింది. ముందురోజే కుళాయి వచ్చింది కాబట్టి నిండుగా ఉంది. గంగరాజు మోకాళ్ళ మీద కూర్చొని కర్ర దించాడు.

“నాలుగడుగుల రెండంగుళాలండి. పరవాలేదు. మా వైపు చిన్న రేవులన్నీ మేట వేసుకుపోయాయండి, రెండడుగులుంటే గొప్ప.”

“కెప్టెన్ గారూ, మీరు చదువుకున్నోళ్ళు. నాకు ఓడలు వద్దు. స్నేహితురాండ్లతో ఫోన్లో ఆట ఆడుకోవల్ల. పోర్టుతో మాకు పని లేదని ఒక్క ముక్క రాసిచ్చి పోండి.”

గంగరాజు ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ ఆలోచించాడు. మంచివాడే.

“అలా రాశాననుకోండి. పని లేనిదానికి ఇంత దూరం ఎందుకెళ్ళావయ్యా అని నన్నడుగుతారండి. పోనీ సముద్రం లేదని రాద్దామా అంటే, ఫారంలో ఆ కాలమ్ లేదండి. ఉన్న కాలమ్‌లన్నీ మీకు అనుకూలంగానే ఉన్నాయి. నేనేం చేసేదండి?”

ఆ నెలాఖరుకు పాత జిన్నింగు మిల్లు వీధి, ఇంటి నంబరు 7/112 అన్ని ఋతువుల చిన్నతరహా రేవుగా ప్రకటించబడింది.

రేవు అన్నాక రేవు అధికారి ఉండాలి. ఆ బాధ్యతను అదనంగా మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల విభాగం చూసే జూనియర్ అసిస్టెంటు వన్నూరప్పకు అప్పగించారు. వన్నూరప్ప యాభై ఏడేళ్ళ మనిషి. ఎవరి కంటా పడకుండా రిటైరవడం తప్ప జీవితంలో వేరే కోరిక లేనివాడు. సాయంత్రం ఐదింబావు బస్సు అందితే ఆ రోజు బాగా గడిచినట్టు. ఒక ఉదయం అతను మేజా, కుర్చీ, రెండు రిజిస్టర్లు, ఒక జెండా కర్ర, రేవుల నిబంధనావళి అనే లావుపాటి పుస్తకంతో వరండాలో దిగాడు.

“మేడం, నేను ఈడ కూచోవల్లంట,” అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

“కూచో నాయనా. ఫ్యాన్ వేసుకో.”

మొదటి వారంలోనే అతనికి జ్వరం వచ్చినంత పనైంది. రేవులో లోతు ఏ రోజూ నాలుగడుగులకు తగ్గకూడదని నిబంధన. తులశమ్మ అంట్లు తోమితే ఒక అంగుళం, బట్టలు ఉతికితే రెండంగుళాలు తగ్గుతోంది. వన్నూరప్ప భయపడి పైకి రాశాడు. పై నుంచి వెంటనే మున్సిపాలిటీకి ఉత్తర్వు వచ్చింది. రేవు లోతును కాపాడుటకు ప్రతిదినము ఉదయము ఒక ట్యాంకరు నీరు పోయవలెను.

నాలుగు రోజులకొకసారి నీళ్ళొచ్చే వీధిలోకి రోజూ ట్యాంకరు రావడం మొదలైంది. మొదటి రోజు పక్కింటి ఈరమ్మ బిందె పట్టుకొని గేటు దగ్గర నిలబడి, అడగాలా వద్దా అని చూసింది. తులశమ్మ సంపు మూత తీసి పక్కన పెట్టింది. రెండో రోజుకు వీధంతా బిందెలు.

“మేడం, సాయంత్రానికి రెండడుగులకు పడిపోతాంది. నేనేమని రాయాల?” వన్నూరప్ప రిజిస్టరు ముందుకు జరిపాడు. “నా ఉద్యోగం పోతాది.”

“సముద్రంలో నీళ్ళు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయా?”

వన్నూరప్ప నిబంధనావళి తిరగేశాడు. నూట పద్దెనిమిదో పేజీలో, ఆటుపోట్ల వల్ల తగ్గిన లోతు లెక్కలోకి రాదన్న చోట, అతనికి దారి దొరికింది. అప్పటినుంచి రిజిస్టరులో రోజూ ఇలా రాసేవాడు: ‘ఉదయం 7.10, పోటు, నాలుగడుగుల మూడంగుళాలు. సాయంత్రం 4.30, ఆటు, ఒక అడుగు తొమ్మిదంగుళాలు.’ పై అధికారులు ఆ అంకెలు చూసి చాలా సంతోషించారు. రోజుకు రెండున్నర అడుగుల ఆటుపోట్లు ఉన్న రేవులు మన తీరంలో అరుదు. మరుసటి నెలనుంచి మిట్టగుండాల ఆటుపోట్ల పట్టికను అచ్చు వేయించి మిగతా రేవులన్నిటికీ పంపించారు.

ప్రారంభోత్సవానికి ఒక పెద్దాయన వచ్చాడు. సంపు చుట్టూ బంతిపూలు కట్టారు. ఆయన కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు సంపులో పోసి, మైకు అందుకున్నాడు.

“ఈ ప్రాంతానికి ఇన్నేళ్ళుగా సముద్రం ఇవ్వకపోవడం గత పాలకుల నిర్లక్ష్యానికి నిదర్శనం. సముద్రం వచ్చేదాకా పోర్టు ఆగాలా? ఆగనవసరం లేదు. ముందు పోర్టు వస్తే, సముద్రం దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది.”

చప్పట్లు మోగాయి. తులశమ్మ వేదిక పక్కనే ఉన్న భార్గవ్ దగ్గరికి పోయింది.

“పోర్టుల శాఖ వాళ్ళ నిరభ్యంతర పత్రం వచ్చింది. నువ్వే చూసినావు. ఇంగ పాస్‌వర్డు కొట్టు.”

భార్గవ్ తల దించుకున్నాడు.

“మేడం, అది గృహ వినియోగదారులకు. ఈ ఇల్లు ఇప్పుడు గృహం కాదు, రేవు. రేవులో ఏది తెరవాలన్నా రేవు అధికారి రాతపూర్వకంగా కోరాల.”

తులశమ్మ వన్నూరప్ప దగ్గరికి వచ్చింది. వన్నూరప్ప చేతులు జోడించాడు. “మేడం, మీకు దండం పెడతా. ఓడ లేకుండా గేటు తెరవమని నేను రాస్తే, ఏ ఓడ కోసం రాసినావురా అంటారు. నాకు ఇంగ ఐదేండ్ల సర్వీసుండాది.”

ఆ సాయంత్రం రేపల్లె వరలక్ష్మి ఫోన్ చేసింది. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

“తులశమ్మా, వచ్చే సోమవారం నాకు కంటి ఆపరేషను. రెండు కళ్ళకూ అంట, ఒకదాని తర్వాత ఒకటి. ఆ తర్వాత ఫోను ముట్టుకోవద్దన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు. శనివారం లోపల మీ గది తెరుచుకుంటే ఆడదాం. లేకపోతే పోనీలే, నలభై రెండేళ్ళ నాటి మాట, వదిలేద్దాం.”

“వదిలేద్దాం అనద్దు,” అంది తులశమ్మ.

తర్వాత ఎలిజబెత్‌కు ఫోన్ చేసి విషయం చెప్పింది. అవతల నుంచి “ఊ” అని ఒక్క అక్షరం వచ్చింది. ఆ ‘ఊ’ తులశమ్మకు నచ్చలేదు. పాత ‘ఊ’ అది.

మరుసటి రోజు ఆమె వన్నూరప్ప మేజా మీది నిబంధనావళి తీసుకొని, కళ్ళజోడు పెట్టుకొని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. రెండు రోజులు చదివింది. శుక్రవారం మధ్యాహ్నం పుస్తకం తెరిచి వన్నూరప్ప ముందు పెట్టింది.

“మూడో నిబంధన చదువు. ఓడ అంటే ఏందో చెప్పినారు.”

వన్నూరప్ప చదివాడు. “‘ఓడ అనగా మనుషులను గాని సరుకులను గాని ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చు ఏదేని సాధనము.’”

“ఖాజాబీ కదిరిలో ఉంటాది. ఆమెను ఈడికి చేర్చేది ఏది?”

“బస్సు.”

“ఆటలోకి, నాయనా.”

వన్నూరప్ప ఆమె చేతిలోని ఫోను చూశాడు. పుస్తకం చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు.

“ఇప్పుడు నలభై ఒకటో నిబంధన చదువు.”

“‘రేవు వెలుపల వేచియున్న ఓడలను ఆరు గంటలకు మించి నిలిపి ఉంచరాదు. ఆలస్యమునకు కారకుడైన అధికారి, ఏ శాఖకు చెందినవాడైనను, స్వయముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’” చదవడం అయ్యాక వన్నూరప్ప వీపు కుర్చీకి ఆన్చి చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు రాస్తూ వచ్చాడు. వచ్చేవాళ్ళను ఆపడం గాని పోనివ్వడం గాని అతని చేతిలో ఎన్నడూ లేదు.

“ఎన్ని ఓడలు మేడం?” అన్నాడు కలం మూత తీస్తూ.

ఏడు ఫారాలు నింపారు. కదిరి నుంచి ఖాజాబీ, తాడిపత్రి నుంచి సుగుణావతి, గుంటూరు వైపు నుంచి నాలుగు. చివరిది: ‘ఓడ పేరు, ఎలిజబెత్. బయలుదేరిన రేవు, నంద్యాల. పొడవు, ఆరంగుళాలు. సరుకు, లేదు. ఓడ స్థితి, మరమ్మతులో ఉన్నది గాని ప్రయాణమునకు యోగ్యము.’ ఆ మాట తులశమ్మ చెప్పలేదు, వన్నూరప్ప సొంతంగా రాశాడు. శనివారం ఉదయం పదింటికి ఏడు ఓడలు రేవు వెలుపల వేచి ఉన్నవని, ముప్పై వేల నూట ఇరవయ్యో ద్వారం తక్షణమే తెరవాలని, ఆలస్యమైతే సంజాయిషీ ఇచ్చుకోవాలని కేబుల్ ఆఫీసుకు లేఖ పోయింది.

సంజాయిషీ అన్న మాట చదివిన ముప్పావు గంటకు భార్గవ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. తెరకు ఒళ్ళు అడ్డం పెట్టి పాస్‌వర్డు కొట్టాడు, నాలుగు గళ్ళు నింపాడు, రూటరు ఆపి మళ్ళీ వేశాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది. దరఖాస్తు పెట్టి అప్పటికి ఏడు నెలల పదకొండు రోజులు.

మూడున్నరకు ఆట మొదలైంది. గొంతులన్నీ ఒక్కసారి వచ్చాయి.

“ఏమ్మే తులశీ, వినపడతాందా?”

“వినపడతాంది ఖాజా. ఎలిజబెత్ యాడ?”

“ఈడే ఉండా,” అంది ఎలిజబెత్. “దిండ్లు సరిచేసుకుంటాండా. మొదలుపెట్టండి.”

వన్నూరప్ప రిజిస్టరులో ఒక్కొక్క ఓడ వచ్చిన సమయం రాసుకుంటూ, మెల్లగా కుర్చీ లోపలి గదివైపు జరుపుకున్నాడు. ఈరమ్మ బిందె దింపి గుమ్మంలో కూర్చుంది. వరలక్ష్మి జట్టు మొదటి పది నిమిషాల్లో రెండు గంటలు ఎత్తుకుపోయింది. ఖాజాబీ ఒకటి తెచ్చింది. సుగుణావతి మిద్దె మీద ఎండలో కూర్చొని ఆడుతూ ఇంకొకటి తెచ్చింది. రెండుకు రెండు. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి.

అప్పుడు వరండాలో వన్నూరప్ప ఫోను మోగింది. పోర్టుల శాఖ కంట్రోలు గది నుంచి.

“బంగాళాఖాతంలో వాయుగుండం. అన్ని రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేయాలి. రేవులో ఓడలేమైనా ఉన్నాయా?”

“ఉన్నాయి సార్. ఏడు.”

“ఏడా? అయితే వెంటనే వాటన్నిటినీ రేవు ఖాళీ చేయించి సముద్రంలోకి పంపించేయండి. ద్వారం మూసి పది నిమిషాల్లో రిపోర్టు చేయండి.”

వన్నూరప్ప ఫోను చేత్తో మూసి లోపలికి చూశాడు. తులశమ్మ ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, అచ్చం కూతకు పోతున్న మనిషిలా ఉంది. ఎలిజబెత్ గంట ఎత్తిందని, నలుగురు తరుముతున్నారని, ఎవరూ అడ్డం రావద్దని, తనకు దారి తెలుసని అరుస్తోంది. రూటరు స్విచ్ వన్నూరప్ప భుజానికి జానెడు దూరంలో ఉంది. అతని చేయి ఒకసారి లేచింది. ఇరవై ఎనిమిదేళ్ళలో పై నుంచి వచ్చిన ఏ మాటనూ అతను కాదనలేదు. ఇప్పుడు కూడా కాదనలేదు. చేయి దించి, ఫోను చెవికి పెట్టుకొని, గొంతు సవరించుకున్నాడు.

“సార్, తమరి ఆదేశము శిరసావహిస్తాను. అయితే ఓడలను సముద్రంలోకి పంపమన్నారు. ఈ రేవుకు సంబంధించినంతవరకు, ఏ సముద్రంలోకి పంపవలెనో స్పష్టత ఇవ్వగోరుచున్నాను. తప్పు సముద్రంలోకి పంపితే బాధ్యత ఎవరిదనేది కూడా తెలుపగలరు.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఇంకెవరితోనో మాట్లాడుతున్న చప్పుడు. “రాతపూర్వకంగా పంపండి,” అని ఫోను పెట్టేశారు.

వన్నూరప్ప తెల్లకాగితం తీసుకొని మెల్లగా, ప్రతి అక్షరం గుండ్రంగా రాయడం మొదలుపెట్టాడు. అతను రెండో పేరాకు వచ్చేసరికి లోపల ఈరమ్మ ఈల వేసింది. ఎలిజబెత్ గంట కట్టింది. మూడుకు రెండు. మిగిలిన నాలుగు నిమిషాలు తులశమ్మ తన కోట గుమ్మంలోనుంచి ఒక్కరినీ పోనివ్వలేదు.

ఆట అయిపోయింది. ముందు వరలక్ష్మే అంది.

“ఎలిజబెత్తూ, ఆ గోడ ఎలా దూకావమ్మా?”

“కాలితో పనిల్యా గదా,” అంది ఎలిజబెత్. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. “ఇంగొక ఆట పెట్టండి. నేను యాడికీ పోను.”

రెండో ఆట నడుస్తుండగా ఐదింబావు బస్సు పోయిన చప్పుడు వినిపించింది. ఓడలు రేవులో ఉండగా అధికారి స్థానం విడిచిపోరాదు. వన్నూరప్ప చెప్పులు విప్పి, ఈరమ్మ తెచ్చిన టీ అందుకున్నాడు.

ఒకే రోజు ఏడు ఓడలు వచ్చిన సంగతి పై వారికి తెలిశాక మిట్టగుండాల పేరు మారుమోగింది. చుట్టుపక్కల నాలుగు మండలాల వాళ్ళు తమకు మాత్రం పోర్టు ఎందుకు లేదని కలెక్టరాఫీసు ముందు బైఠాయించారు. కమలాకరరావు గారు వారి వినతిపత్రాలన్నీ అందుకొని, అవునని గాని కాదని గాని అనకుండా పైకి పంపించారు.

వన్నూరప్ప రాసిన లేఖకు మాత్రం రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. అతను దాన్ని వరండాలో నిలబడి తులశమ్మకు చదివి వినిపించాడు. వరలక్ష్మి తన కళ్ళు కుదురుకున్నాయని, మళ్ళీ ఆటకు సిద్ధమని ఆ ఉదయమే కబురు పెట్టింది.

‘పై విషయమై తెలియజేయునది ఏమనగా, సదరు రేవుకు సముద్రమును మంజూరు చేయు ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది. సముద్రము మంజూరగునంత వరకు రేవులోనున్న ఓడలు ఉన్నచోటనే ఉండవలెను. ద్వారమును ఎట్టి పరిస్థితులలోను మూయరాదు.’

“సంతకం ఉందా?” అంది తులశమ్మ.

“ముద్ర కూడా ఉంది మేడం.”

తులశమ్మ ఆ కాగితాన్ని రూటరు పక్కన మేకుకు గుచ్చి, లోపలికి పోయి, ఎలిజబెత్‌ను పిలిచింది.